ఆఫ్ ఎటు చూస్తే అటు

రాయగడ మిల్లు కాలనీ, క్లబ్బు వెనక పంపు గది.
పొద్దుట్నుంచీ మోకాళ్ళ మీద కూర్చుని
పాత ఫిల్టరు కడుపులో ఇసుకని
మగ్గుతో తోడుతున్నాను.
ఏడేళ్ళ ఇసుక, పిడికిట్లో ముద్ద కడుతోంది.
బుట్ట జాలీని కూడా దాటుకొచ్చినవి కొన్ని దొరికాయి:
జుత్తు ఉండలు, ప్లాస్టిక్ బాతు కన్ను,
ఎవరిదో చెవి కమ్మ శీల.
శీలని అగ్గిపెట్టెలో వేశాను.
ఎవరూ అడగరు. అయినా వేశాను.

ఉస్తాదు బైధర్ జెనా, పట్టముండై మనిషి,
కొత్త ఫిల్టరు పక్కన టేపు పట్టి నవ్వుతున్నాడు.
"దుయి ఇంచి."
పాతదాని నోటికన్నా కొత్తదాని నోరు రెండంగుళాలు ఎత్తు.
ఏ కంపెనీవాడూ ఇంకో కంపెనీవాడి పైపుని
మనసులో పెట్టుకుని ఫిల్టరు చెయ్యడు.
మన కూలి పుట్టేది ఆ రెండంగుళాల్లోనే.

మురుగు పైపు మధ్యలో పెట్టమని వాల్వు ఇచ్చాడు.
మూడు నోళ్ళు, ఒక పిడి,
పిడి మీద ఒకే ఒక్క మాట: ఆఫ్.
పనిలో చేరిన ఏడు, అది దారి చూపించే వేలనుకున్నాను.
గునుపురం లాడ్జిలో అలాగే తిప్పి పంపు వేశాను.
గేజి ముల్లు ఎరుపులోకి పోయింది,
మూత సందులోంచి నీళ్ళు సీలింగుకి చిమ్మాయి.
"అది ఎటు చూస్తే అటు బందు" అన్నాడు ఉస్తాదు,
తల తుడుచుకుంటూ, తిట్టకుండా.
తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

ముందు ఎండు కూర్పు.
జిగురు లేకుండా అన్నీ అమర్చి
కీలుకి అడ్డంగా పెన్సిలు గీత.
తర్వాత అంచు చెక్కి, తుడిచి, జిగురు రాసి,
నెట్టి, పావు చుట్టు తిప్పి,
గీతకి గీత కలిసిన చోట బిగించి పట్టుకోవాలి.
ముప్పై లెక్కపెట్టేదాకా ఊపిరి కూడా మెల్లగానే.
తప్పతికితే విప్పుకోవడమంటూ లేదు,
రంపం పెట్టి కోసి పారెయ్యడమే.

ఆయన లెక్క ఒడియాలో, నా లెక్క తెలుగులో.
బళ్ళో ఎక్కాలన్నీ ఒడియాలోనే వల్లించినా
అతుకు పట్టుకున్నప్పుడు నా నోరు అటు తిరగదు.
ఇరవై దాటితే నేను వెనకబడతాను.
వాళ్ళ బాయిశ పొట్టిది,
మన ఇరవైరెండు సాగుతుంది.
ఆయన తిరిశ అనేస్తాడు,
కానీ చెయ్యి తియ్యడు,
నా ముప్పై నడిచొచ్చేదాకా.

మూడో నోటికి మూత అతికించమని మేనేజరు కాగితం.
ఫిల్టరు కడిగిన నీళ్ళు మురుక్కాలవకే పోవాలట.
గోడవతల తోటమాలి పెళ్ళాం సొనామణి హికాకా
వంగ మడిలో నిలబడి అడిగింది:
"ఆ నీళ్ళు పారబోసేత్తారేటి?"
వాళ్ళింట్లో కుయి, బజార్లో ఒడియా,
మా ఇద్దరితో మాత్రం మా అమ్మ తెలుగు.
ఉస్తాదు మూతని రెండు వేళ్ళ మధ్య తిప్పాడు కాసేపు.
"మందు నీళ్ళు. తొట్టిలో మూడెండలు కాగనిచ్చి పొయ్యమను"
అని నాతో అన్నాడు,
ఆవిడకి వినపడేలా.
మూతని జేబులో వేసుకున్నాడు.
గోడకి కన్నం ఎవరు వేశారో నేను చెప్పను,
సుత్తి నాదే.

జిగురు ఆరడానికి ఒక రాత్రి.
మర్నాడు పంపు ఆపి పిడి తిప్పాను.
తిరుగుతున్న పంపు మీద పిడి ముట్టుకోకూడదు,
ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.
మళ్ళీ పంపు వేశాక
గోడవతల తొట్టిలోకి టీ రంగు నీళ్ళు దూకాయి.
తర్వాత మజ్జిగ తేట రంగు.
తర్వాత ఏ రంగూ లేదు.

మేనేజరు వచ్చాడు, బూట్లు తడవకుండా గుమ్మంలోనే ఆగి.
"నీళ్ళు కాలవకే కదా?"
పిడి మీద మాట తిన్నగా కాలవ వైపే చూస్తోంది.
"చూడండి సార్" అన్నాను, "అటే చూపిస్తోంది."
ఉస్తాదు వంగి
బిగించిన కీలునే మళ్ళీ తుడుస్తున్నాడు.